కంప్యూటరు వైరసుల నామకరణము

మిరప చేలో ఆకు ముడుచుకొన్నప్పుడు పల్నాటి రైతు ముందుగా చూచునది ఆ ముడత ఎటు తిరిగినదన్న సంగతి. అంచులు మీదికి లేచి ఆకు దొన్నె వలె అయినచో దానిని పైముడత అనును. అంచులు దిగువకు వంగి బోర్లించిన పడవ వలె అయినచో కిందిముడత అనును. మొదటిది తామర పురుగు చేసిన పని. రెండవది నల్లి చేసిన పని. చూపునకు రెండును ముడతలే అయినను వాటికి వేయవలసిన మందులు వేరు. ఈ రెండు చిన్న మాటలలో రోగలక్షణము ఉన్నది, రోగకారణము ఉన్నది, చికిత్సకు దారి కూడ ఉన్నది. ఇంత పొందికైన పేర్లు శాస్త్రగ్రంథములలో సైతము అరుదు.

మూడవ ముడత ఒకటి కలదు. తెల్లదోమ మోసుకొని వచ్చు వైరసు వలన ఆకులు చిన్నవై, ముడుచుకొని, మొక్క గిడసబారిపోవును. దానికి వాడుకైన పేరు జెమిని. ఇది మన మాట కాదు. లాటిను భాషలో కవలలని దాని అర్థము. మన జ్యోతిషులు మిథునమన్న రాశిని పాశ్చాత్యులు ఈ పేరుతోనే పిలుతురు. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో ఈ వైరసు రేణువులు రెండేసి అతుకుకొని కవలల వలె కనిపించుటచేత శాస్త్రజ్ఞులు 1970ల దశకములో ఆ వర్గమునకు ఆ పేరు పెట్టినారు. ఆ కవలలను కంట చూచిన రైతు లేడు. అయినను మాచర్ల, గురజాల ప్రాంతములలో జెమిని అనునది నేడు తెలుగు మాట వలెనే చెల్లుచున్నది. ఆ మాట వినగానే రైతునకు తెలియవలసినది తెలియును: సోకిన మొక్కకు మందు లేదు, దానిని పీకివేయవలెను, దోమను అదుపులో పెట్టవలెను.

పేరు తారుమారైనప్పుడు ఏమగునో కూడ ఈ చేలలోనే చూచినాము. 2021-22 పంట కాలములో ఆంధ్ర, తెలంగాణముల మిరప తోటలపై ఒక కొత్త తామర పురుగు విరుచుకొని పడినది. శాస్త్రజ్ఞులు దానిని త్రిప్స్ పార్విస్పైనస్ అన్నారు; తెలుగులో నల్ల తామర పురుగు అన్నారు. పొలములలో మాత్రము అది పలువురి నోట నల్లి అయినది. నల్లగా ఉన్నది గనుక నల్లి అనుటలో తర్కము లేకపోలేదు. కాని ఆ పేరు అంతకుముందే వేరొక జీవికి చెంది యున్నది కదా! పేరు ఒకదానిది, పురుగు మరొకటి అయినప్పుడు మందుల దుకాణములో ఏ సీసా చేతికి వచ్చునో ఊహింపవచ్చును.

తెగులునకు పేరు పెట్టుట చికిత్సలో మొదటి పని అన్న ఈ సంగతిని గడచిన అర్ధ శతాబ్దిలో వేరొక రంగమువారు మొదటి నుండి నేర్చుకొనవలసి వచ్చినది. వారు కంప్యూటరు వైరసులను పట్టువారు. వారి పని పరిశోధనశాలలలో జరుగునదే అయినను, దాని ఫలితము మన ఊళ్లలోని కచేరీలకు, బ్యాంకులకు, పోలీసు ఠాణాలకు కూడ సంబంధించినది. కనుక వారి నామకరణ చరిత్రను కొంచెము పరిశీలించుట అనవసరము కాదు.

కంప్యూటరు వైరసనగా ప్రాణి కాదు. అది ఎవరో ఒకరు కూర్చుండి వ్రాసిన ఆదేశముల వరుస. యంత్రములో చేరిన పిదప తనకు తానే ప్రతులు తీసుకొని ఇతర ప్రోగ్రాములలోనికి, ఇతర యంత్రములలోనికి పాకును. 1983లో అమెరికాలో ఫ్రెడ్ కోహెన్ అను విద్యార్థి ఇటువంటి ప్రోగ్రామును ప్రయోగపూర్వకముగా చూపగా, అతని గురువు లెనార్డ్ ఏడిల్‌మన్ దానిని వైరసు అనుట తగునని సూచించినాడు. మరుసటి ఏట కోహెన్ తన వ్యాసములో ఆ మాటను స్థిరపరచినాడు. దీనికి జ్ఞాతియైన వర్మ్, అనగా పురుగు, అనునది ఒక నవల నుండి వచ్చినది. జాన్ బ్రన్నర్ 1975లో వ్రాసిన ఆ కథలోని కల్పనను తలచుకొని, జిరాక్సు సంస్థ పరిశోధకులు షాక్, హప్ అనువారు 1982లో తమ ప్రోగ్రాములకు ఆ పేరు పెట్టినారు. ఆ పరిశోధకులు వాటిని ఉపకారమునకే పుట్టించినారన్న సంగతిని ఇప్పుడు తలచువారు తక్కువ.

జాతికి పేరు రాకముందే వ్యక్తులు పుట్టినవి. 1971లో బాబ్ థామస్ వ్రాసిన ప్రోగ్రాము ఒక యంత్రము నుండి మరొక యంత్రమునకు ప్రాకిపోవుచు, తాను క్రీపరునని, చేతనైతే పట్టుకొమ్మని తెర మీద చాటుకొనెడిది. అది మొదటి దశ. తెగులు తన పేరు తానే చెప్పుకొనును. జనులు ఆ పేరుతోనే పిలుతురు. 1986లో లాహోరులో బాసిత్, అంజద్ అను అల్వీ సోదరులు తమ వైద్య సంబంధమైన ప్రోగ్రామును దొంగగా నకలు తీయువారిని కనిపెట్టుటకై ఒక వైరసు వ్రాసినారు. అది ఫ్లాపీ మీద బ్రెయిన్ అను శీర్షికను వ్రాసెడిది. అది వారి దుకాణము పేరే. అంతటితో ఆగక వారు తమ చిరునామాను, టెలిఫోను నంబరును కూడ దానిలో చేర్చినారు. దొంగను పట్టుటకు పంపిన బంటు ఊరూర తిరిగి, యజమాని ఇంటి దారి అందరికి చెప్పినట్లయినది. ఆ వైరసు అమెరికా విశ్వవిద్యాలయముల వరకు పోయినది.

మన దేశములో 1990లో బయటపడినదానికి జోషీ అని పేరు. ప్రతి సంవత్సరము జనవరి 5వ తేదీన అది యంత్రమును స్తంభింపజేసి, జోషీకి జన్మదిన శుభాకాంక్షలు టైపు చేయుమని అడుగును. చెప్పిన మాటలు టైపు చేయునంతవరకు యంత్రము కదలదు. బెదిరించి శుభాకాంక్షలు చెప్పించుకొన్న ఆ జోషీ మహాశయుడు ప్రపంచములోని వైరసు పట్టికలన్నింటను శాశ్వతముగా చోటు సంపాదించినాడు.

తన పేరు చెప్పని వైరసులను ఏమనవలెను? ఇక్కడ మన పైముడత, కిందిముడతల న్యాయమే వర్తించినది. తెర మీది అక్షరములు జలజల రాలి అడుగున కుప్పపడునట్లు చేయుదానిని క్యాస్కేడ్, అనగా జలపాతము, అన్నారు. బంతి వంటి చుక్క తెర అంచులకు తగిలి ఎగురుచుండునట్లు చేయుదానిని పింగ్‌పాంగ్ అన్నారు. ఇవి మంచి పేర్లని నా అభిప్రాయము. చూచినవాడు చూచినది చెప్పిన చాలును, పట్టువానికి గుర్తు దొరకును.

మరికొందరు దొరికిన చోటును బట్టి పేర్లు పెట్టినారు. వియన్నా, లీహై అనునవి అటువంటివి. వీటన్నింటిలో పేరుమోసినది జెరూసలేము. 1987 అక్టోబరులో జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయములో అది కనబడినది. పదమూడవ తేదీ శుక్రవారమైన దినమున, నడుపబోయిన ప్రోగ్రామునెల్ల తుడిచివేయుట దాని స్వభావము. అందుచేత కొందరు దానిని శుక్రవారము పదమూడు అన్నారు. మరికొందరు ఇజ్రాయెలీ అన్నారు. ఒకే తెగులునకు మూడు పేర్లు పుట్టినవి. దొరికిన చోటు పుట్టిన చోటు కానవసరము లేదన్న సంగతి అందరు మరచినారు. 1918 నాటి విషజ్వరమునకు స్పానిష్ ఫ్లూ అను పేరు ఇట్టి పొరపాటుననే వచ్చినది. యుద్ధములో చేరని స్పెయినులో పత్రికలపై ఆంక్షలు లేవు. అచటి పత్రికలు రోగమును గూర్చి వ్రాసినవి. వ్రాసిన పాపమునకు ఆ దేశము పేరే రోగమునకు అంటుకొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రోగములకు ఊళ్ల పేర్లు, దేశముల పేర్లు పెట్టరాదని సూచించినది 2015లో మాత్రమే.

తేదీని బట్టి పెట్టిన పేరు ఇంకను చిత్రమైనది. 1991లో ఒక వైరసు బయటపడినది. ఏటా మార్చి 6వ తేదీన అది డిస్కులోని వ్రాతను చెరిపివేయును. దానిలో ఏ చిత్రకారుని ప్రసక్తియు లేదు. ఆ దినము ఇటలీ శిల్పి మైఖేలాంజెలో పుట్టినరోజని పరిశీలకులు గమనించుటయే దానికి ఆ పేరు వచ్చుటకు కారణము. ఆ పేరు విన్నంతనే పత్రికలకు పండుగ అయినది. 1992 మార్చి 6న లక్షల కంప్యూటర్లు పాడగునని ప్రపంచమంతట వ్రాసినారు. ఆ దినము వచ్చినది, పోయినది. జరిగిన నష్టము ప్రచారములో వందవ వంతు కూడ లేదు. అదే వైరసునకు ఏదో ఒక అంకె పేరైనచో ఇంత అలజడి కలుగునా అని ఆలోచింపవలసి యున్నది.

ఈ గందరగోళమును చక్కదిద్దుటకు 1991లో ఒక ప్రయత్నము జరిగినది. వైరసులను పరిశోధించువారు అంతకుముందే కారో అను పేర ఒక కూటమిగా ఏర్పడినారు. వారిలో ఐస్లాండు దేశస్థుడు ఫ్రిద్రిక్ స్కూలాసన్, బ్రిటిషు పరిశోధకుడు అలాన్ సాలమన్, బల్గేరియా దేశస్థుడు వెస్సెలిన్ బాంచెవ్ కలిసి నామకరణ సూత్రములు వ్రాసినారు. ఊళ్ల పేర్లు వలదు. ఏలనన ఒకే వైరసు ఒకే సమయమున అనేక చోట్ల దొరకవచ్చును. తేదీలు వలదు, వైరసులో తేదీని మార్చుట సులభము. సంస్థల పేర్లు, సరుకుల పేర్లు వలదు. బ్రతికియున్నవారి పేర్లు, వారే వైరసు వ్రాసిరని రుజువు కానిచో, వలదు. బూతు వలదు. సరియైన పేరు ఒకటి ఉండగా కొత్తది కల్పింపరాదు.

ఆ పద్ధతిలో పేరు నాలుగు భాగములుగా ఉండును. మొదట వంశము పేరు, తరువాత వర్గము, దాని తరువాత రూపాంతరము, అందులో మరల చిన్న భేదము. తెలుగువారికి ఇది వింతగా తోచనక్కరలేదు. పాశ్చాత్యులు ఇంటిపేరును చివర చెప్పుదురు. మనము ముందు చెప్పుదుము. వైరసులు మన సంప్రదాయమునే అనుసరించినవి. కాన్‌ఫికర్.బి అన్నచో కాన్‌ఫికర్ వారి ఇంటిలో రెండవ బిడ్డ అని గ్రహింపవలెను.

సూత్రములలో చేర్చినను చేర్చకపోయినను పట్టువారందరు పాటింపజూచిన నియమము మరొకటి కలదు. వ్రాసినవాడు కోరిన పేరును వైరసునకు పెట్టరాదు. 2001 సెప్టెంబరు 18న వ్యాపించిన ఒక వైరసులో దాని కర్త కాన్సెప్ట్ వైరస్ ఐదవ కూర్పు అని, పుస్తకమునకు హక్కులు ప్రకటించుకొన్నట్లు, వ్రాసికొన్నాడు. పరిశోధకులు ఆ వ్రాతను లెక్కచేయక, యంత్రపాలకుడన్న అర్థమిచ్చు అడ్మిన్ అను మాటను తిరగవేసి నిమ్డా అన్నారు. కీర్తికాముని నోరు నొక్కుట వారి ఉద్దేశము. మన పెద్దలు దీనికి సరిగా వ్యతిరేకముగా చేసినారు. మశూచిని అమ్మవారు అన్నారు; మరొక పొక్కుల వ్యాధిని ఆటలమ్మ అన్నారు. కోపము తెప్పింపక, గౌరవముతో పిలిచి సాగనంపవలెనన్న తలంపు అది. మశూచి ప్రపంచము నుండి తొలగిపోయినదని 1980లో ప్రకటించినారు. అమ్మవారు అను మాట మాత్రము మన భాషలో మిగిలినది. దేవతకు భయపడిన కాలపు మర్యాద వేరు. ఇచట తెర వెనుక నున్నది మనుష్యుడే గనుక పరిశోధకుల మొండితనమే సబబని నాకు తోచును.

ఫ్లాపీల కాలములో ఒక వైరసు ఊరు దాటుటకు నెలలు పట్టెడిది. పేరు గూర్చి ఆలోచించుటకు తీరిక ఉండెడిది. ఇంటర్నెట్టు వచ్చిన పిదప ఆ తీరిక పోయినది. 2001 జూలైలో మార్క్ మెఫ్రే, రయాన్ పర్మే అను ఇరువురు పరిశోధకులు రాత్రింబవళ్లు మేలుకొని ఒక వర్మ్‌ను పరిశీలించుచు, అప్పుడు తాగుచున్న శీతలపానీయము పేరునే దానికి పెట్టినారు. అదియే కోడ్ రెడ్. 2004 జనవరిలో క్రెయిగ్ ష్ముగర్ అను పరిశోధకుడు ఒక ప్రోగ్రాములో మైడామ్ అన్న మాట చూచి, జరుగబోవు చెరుపును ఊహించి, దానిని మైడూమ్ చేసినాడు. డూమ్ అనగా వినాశము. అదే వర్మ్‌ను మరొక సంస్థ నొవార్గ్ అన్నది.

ఈ రెండు పేర్ల సమస్య ఆ దశకమంతయు వేధించినది. 2003 ఆగస్టులో వచ్చినది ఒకరికి బ్లాస్టరు, మరొకరికి లవ్‌శాన్. 2008 నవంబరులో వచ్చినది ఒకరికి కాన్‌ఫికర్, ఒకరికి డౌనడప్, ఇంకొకరికి కిడో. కారణము దుర్బుద్ధి కాదు. పదిమంది పది దేశములలో ఒకే రాత్రి ఒకే తెగులును పట్టినారు; తమ ఖాతాదారులను తెల్లవారులోగా కాపాడవలెను; పొరుగువాడు ఏ పేరు పెట్టినాడో కనుగొనువరకు ఆగుటకు వీలు లేదు. కాని బాధపడునది ఎవరు? ఒక సంస్థ కిడోను తొలగించు సాధనమిచ్చినదని విని, తన యంత్రములో నున్నది డౌనడప్ గనుక అది తనకు పనికిరాదనుకొను కచేరీ గుమాస్తా. మిరప రైతు నల్లి మందు తెచ్చుకొన్నట్లే.

అమెరికాలో మైటర్ అను సంస్థ 2005లో దీనికి విరుగుడుగా, పేర్లు ఎన్ని ఉన్నను ముఖ్యమైన ప్రతి తెగులునకు అందరు ఒప్పుకొను అంకె ఒకటి ఇచ్చుట మొదలుపెట్టినది. 2006 ఫిబ్రవరి 3న దస్త్రములను చెరుపుటకు సిద్ధమైన వర్మ్‌ను నిక్సెమ్, బ్లాక్‌మాల్, మైవైఫ్, కామసూత్ర అని పలువురు పలు విధములుగా పిలువగా, ఈ సంస్థ ఇరువదినాలుగు అన్నది. పత్రికలు ఏ పేరును పట్టుకొన్నవో చెప్పనవసరము లేదు. కొన్ని ఏండ్లకే ఆ అంకెల ప్రయత్నము ఆగిపోయినది.

అంకెలు జనుల నోట నిలువవని దీనినిబట్టి అనుకొనరాదు. గుంటూరు మిర్చి యార్డులో ఎల్.సి.ఎ. 334 అను లాం పరిశోధనా కేంద్రపు రకమును వర్తకులు ఉత్త 334 అనియే పిలిచి బేరమాడుదురు. విత్తనము స్థిరమైనది, పేరు పెట్టినవారు ఒక్కరే, దాని వెంట ధర ఉన్నది. అందుచేత అంకె నిలిచినది. వైరసు అట్లు కాదు. పొద్దుట పట్టినది సాయంత్రమునకు రూపు మార్చుకొని వచ్చును. దాని వెనుక పరుగెత్తి అంకెలు వేయుట సాధ్యపడలేదు. అదే మైటర్ సంస్థ 1999 నుండి వేరొకదానికి అంకెలు వేయుచున్నది. అవి చక్కగా నిలిచినవి. అవి వైరసులకు కాదు, వైరసులు దూరు కంతలకు. ప్రోగ్రాములోని లోపము విత్తనము వలె స్థిరమైనది. పూడ్చునంతవరకు ఉన్నచోటనే ఉండును.

ఈ భేదము పుస్తకములలోనిది మాత్రమే కాదని 2017 మే నెలలో మన రాష్ట్రము చూచినది. మే 12న ప్రపంచమంతట ఒక వర్మ్ వ్యాపించి, దస్త్రములకు తాళము వేసి, మూడు వందల డాలర్లు బిట్‌కాయిను నాణెములలో చెల్లించినగాని తీయనన్నది. నూట యేబది దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దానికి చిక్కినట్లు ఐరోపా పోలీసు సంస్థ ప్రకటించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని 18 విభాగముల కంప్యూటర్లకు అది సోకినదని అప్పుడు అధికారులు తెలిపినారు. నేటి పల్నాడు నాడు గుంటూరు జిల్లాలోనిదే. నరసరావుపేట కేంద్రముగా ప్రత్యేక జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిల్ 4న.

తాళము వేసిన దస్త్రముల పేర్ల చివర అది డబ్ల్యు ఎన్ సి ఆర్ వై అను అక్షరములు తగిలించెడిది. ఆ అక్షరముల నుండి వానాక్రై, వానాక్రిప్ట్, డబ్ల్యుక్రై అను పేర్లు పుట్టినవి. తెలుగు పత్రికలలో వానాక్రై నిలిచినది. ఏడ్వవలెనని ఉన్నదా అని ఆ ఆంగ్లపదముల భావము. తెలుగు చెవికి మాత్రము అది వానకు సంబంధించిన విపత్తేమో అనిపించును. ఆ వారమంతయు ఈ పేరు మారుమ్రోగినది. ఆ పేరు తెలియనివారు లేరు. తెలిసినందువలన తాళము తెరచుకొన్న దస్త్రమును లేదు.

అది దూరిన కంతకు వేరొక పేరుండెను. దానిని వాడుకొను సాధనమును అమెరికా గూఢచారి సంస్థ రహస్యముగా తయారుచేసి, ఎటర్నల్ బ్లూ అని పిలుచుకొన్నది. ఏప్రిల్ 14న దానిని ఎవరో బయటపెట్టినారు. కంతను పూడ్చు మందును మైక్రోసాఫ్టు సంస్థ అంతకుముందే, మార్చి 14వ తేదీననే, విడుదల చేసి యున్నది. ఆ మందుకు ఇంపైన పేరేమియు లేదు. ఎం.ఎస్. 17-010 అని ఒక అంకె మాత్రమే. మార్చి 14 నుండి మే 12 వరకు దాదాపు రెండు నెలలు. ఆ కాలములో ఆ అంకెను చూచి తన యంత్రములకు ఆ మందు వేసికొన్న కచేరీకి వానాక్రై అను పేరు పత్రికలో చదువుకొను వార్త మాత్రమే అయినది.